కొర్రమట్టలకు భయం నేర్పిన వానకాలం

మృగశిర నాడు మా బస్తీల ఏ ఇంటి ముందట నిలబడ్డా చేప పులుసు వాసనే వస్తది. ఆ దినం చేప తింటే వానకాలమంత రోగాలు దగ్గరికి రావని మా తాతల నాటి నమ్మకం. ఆ ఏడు మృగశిర దాటిన పదిహేను దినాలకు మా ఇంటికి చేపలు వచ్చినయి, కాని తినేటందుకు గాదు. బకెట్ల నీళ్లల్ల, బియ్యపు గింజలంత, ఎర్రెర్రగ, ఒకదాన్నొకటి విడువకుంట ముద్దలెక్క తిరుగుకుంట వచ్చినయి. కొర్రమట్ట పిల్లలు.

తెచ్చింది చేపల ఆఫీసు మేడం. ఆమెది కోస్తా దిక్కు. ఉద్యోగం మీద వచ్చి ఇక్కడనే ఉండిపోయింది. మా ఆయన ఆమె కిందనే చేప పిల్లల కేంద్రంల తొట్లు కడిగి, పిల్లలను ఏరే పని చేసిండు. ఆయన పోయి అప్పటికి మూడేండ్లు. మాకు పిల్లలు లేరు. ఆ మూడేండ్లల్ల మా ఇంటి తలుపు కొట్టి, లోపలికొచ్చి, చాయ్ తాగి పోయిన మనిషి ఎవరన్న ఉన్నరంటే ఈ మేడమే. అందుకే ఆమె బకెట్ దించంగనే, ఏంది ఎందుకు అని అడగకముందే సరే అన్న.

"ఇవి మార్కెట్లో దొరికే ఫారం చేపలు కావమ్మా," అన్నదామె. "కొండల కింద వాగులో మిగిలిన ఒక జంటని పట్టుకొచ్చి గుడ్లు పెట్టించాం. ఒకప్పుడు ఆ వాగు నిండా ఇవే ఉండేవి. ఇప్పుడు వల వేస్తే ఒక్కటి పడటం లేదు. వీటిని వేలెడంత చేసి మళ్లీ ఆ వాగులోనే వదలాలి."

"కేంద్రంల పెంచరా మేడం?"

"పెంచితే సగం కూడా మిగలవు. పగలంతా కూర్చుని చూసేవాళ్లు కావాలి. సారు చూసేవారు."

తొట్లు కడిగేటాయనను సారు అన్నది ఆ ఆఫీసుల ఆమె ఒక్కతే. ఆ ఒక్క మాటకు నేను ఆమెకు రుణపడి ఉన్న.

పట్నం పాతబస్తీ ఛత్రినాకల మాది పాతిల్లు. నడుమ వాకిలి, వాకిట్ల రాతి హౌజు. నల్లాలు రాకముందు అండ్ల నీళ్లు నింపుకునేటోళ్లట. నేను కాపురానికి వచ్చేసరికే అది ఖాళీగ ఉండె. దాన్ని రెండు దినాలు రుద్ది కడిగి, నల్లా నీళ్లను డ్రమ్ముల ఒక రోజు నిలువ పెట్టి, మందు వాసన పోయినంక నింపిన. పిల్లలను వదిలిన. ఎర్రటి ముద్ద ఒక్కసారి విచ్చుకొని, మళ్ల ముద్దయింది.

నేను బడికి పోలేదు. మా బాపు నాకు ఇంట్లనే చదువు చెప్పిండు, స్తోత్రాల పుస్తకం ముందట పెట్టి, అక్షరం మీద వేలు పెట్టి. చేపల చదువు మా ఆయన దగ్గర, ఆయన అన్నం తినుకుంట చెప్పిన ముచ్చట్లల్ల అయింది. కొర్రమట్ట నీళ్లల్ల ఉండే జీవే అయినా, పైకొచ్చి గాలి పీల్చకుంటె బతకదని ఆయనే చెప్పిండు. వాగుల అయితే తల్లీ తండ్రీ రెండూ పిల్లల గుంపు కింద కావలి ఉంటయని, తొట్లల్ల ఆ కావలి ఉండదు గనుక, ముందుగ పెరిగిన పిల్ల వెనుకబడిన పిల్లను మింగుతదని గూడ ఆయనే చెప్పిండు. అందుకే మూడు దినాలకొకసారి జల్లెడ పట్టి, పెద్దయి ఒక తొట్టిల, చిన్నయి ఒక తొట్టిల వెయ్యాలె. నేను హౌజు నడుమ సన్న వల అడ్డం కట్టి వేరు చేసిన, ఆ పని నాకు చేతనయింది. చేతనైనందుకు రోజూ దండం పెట్టుకున్న.

మొదట్ల వాటి తిండి దోమల పిల్లలు. రెండు డ్రమ్ములు మూత తీసి పెట్టి, నాలుగు ఎండుటాకులు వేసి, నేనే వాటిని పుట్టించిన. మా గోడ పక్కన బర్ల కొట్టం ఉన్న పాలామె రోజూ పాలు పోయను వస్తది. ఆ డ్రమ్ములు చూసి నడుముకు చెయ్యి పెట్టుకొని నిలబడ్డది.

"ఒదినె, మున్సిపాల్టోళ్లు పొగ కొట్టి దోమలను చంపుతుంటే నువ్వు పెంచుతున్నవా? ఏంది నీ కథ?"

"దోమలను గాదు, దోమల పిల్లలను."

"ఆఁ, పిల్లలనే. అవి పెద్దయినంక నీ చేపలను కుడతయా, నా బర్రెలను కుడతయా?"

"పెద్దగ కానిస్తనా, ముందే తినిపిస్త."

"అట్లనే చెయ్యి. లేకుంటె రేపటికెల్లి పాలల్ల నీళ్లు గాదు, దోమలు పోస్త నీకు."

అంత మాట అన్నది గాని, తెల్లారి ఆమె కొట్టంల నీళ్ల తొట్టికెల్లి ఒక చెంబు దోమ పిల్లలు ఆమే పట్టుకొచ్చింది. 

పిల్లలు వేలి గోరు దాటినంక కోడి మాంసం మెత్తగ నూరి పెట్టుమన్నది మేడం. మాంసం చేతులు దేవుని దిక్కు పోవద్దని, నేను తెల్లారి తానం చేసి, ముందు దీపం పెట్టి, ఆ తర్వాత హౌజు గట్టు మీద కూసునేదాన్ని. నోటితోని నామం చదువుకుంట, వేళ్ల కొసకు చిటికెడు ముద్ద తీసుకొని నీళ్లల్ల ముంచేదాన్ని. శనివారం మా ఇంట్ల మాంసం ముట్టం. కాని ఒక్క పూట ఆకలిగ ఉంచితే ఒకదాన్నొకటి తింటయి. స్వామికి చెప్పుకొని శనివారం గూడ పెట్టిన. ఆయన ఏమనుకోడని నా నమ్మకం.

కోనేర్ల కాడ చేపలకు పేలాలు వేస్తే పుణ్యమని మేము చిన్నప్పటికెల్లి చేసే పని. ఇది గూడ అట్లాంటిదే అనుకున్న. నైవేద్యం పెట్టినట్టే పెట్టిన. పది దినాలకు అవి నా వేళ్ల దాకా వచ్చినయి. ఇంక పది దినాలకు, నేను గడప దాటంగనే, నా అడుగు చప్పుడుకే అన్నీ ఒక్కసారి పైకి వచ్చి మూతులు తెరిచేటియి. నా వేలును పట్టుకొని గుంజేటియి, అన్నిటికంటె ముందల తోక కాడ తెల్ల మచ్చ ఉన్న పిల్ల. పండ్లు ఇంక సరిగ్గ రాలేదు, చక్కిలిగింతలు పెట్టినట్టుండేది. నేను ఒక్కదాన్నే పగలబడి నవ్విన దినాలు ఉన్నయి. నా కోసం లేసి ఎదురొచ్చే ప్రాణి అంటూ ఒకటి ఉండి ఎన్ని దినాలయిందో, అప్పుడు లెక్క తెలిసింది నాకు.

బోనాల నాడు పాలామె చుట్టాలందరు హౌజు చుట్టూ చేరిండ్రు. ఎవరు వంగితే వాళ్ల నీడ కిందికి చేపలు పరుగెత్తినయి. "మస్తు మాట వింటున్నయి, ఒదినె మంత్రం వేసింది," అని ఒకటే నవ్వులు. డప్పుల లొల్లికి గూడ అవి బెదరలే. నాకు గర్వమయింది. దేవుడు అప్పజెప్పిన పని మంచిగ చేస్తున్న అనుకున్న.

ఆ వారమే మేడం వచ్చింది. ముందు సంబురపడ్డది, అన్నీ బతికినయని. తర్వాత హౌజు మీదికి వంగింది. చేపలన్నీ ఆమె నీడల మూతులు తెరిచి నిలబడ్డయి. ఆమె నవ్వు పోయింది.

"అమ్మా, చేత్తో పెడుతున్నారా?"

"అవు మేడం. చూడుండ్రి, వేలు కూడ పట్టుకుంటయి."

"నాదే తప్పు. నేను ముందే చెప్పాల్సింది." గట్టు మీద కూసుండి మెల్లగ అన్నది. "వాగు దగ్గర మనిషి నీడ పడిందంటే, పట్టుకోవడానికి వచ్చినవాడిదే. వీటిని వదిలితే ఆ మొదటి రోజే ఎదురెళ్లి వాడి చేతిలో పడతాయి. ఒక్కటి మిగలదు."

"మరి ఎట్ల?"

"చవితి దాకా చూద్దాం. అప్పటికి మనిషిని చూసి పారిపోవడం నేర్చుకుంటే వాగులో వదులుదాం. నేర్చుకోకపోతే ఏదో ఒక ఫారానికి ఇచ్చెయ్యాలి. అక్కడ పెరిగి, తూకానికి పోతాయి."

పోయేటప్పుడు మేడం ఏం చెయ్యాల్నో చెప్పింది. హౌజు ఒక దిక్కు గోనెపట్టా కట్టి, దాని వెనకకెల్లి పైపుల తిండి వదలాలె. తిండి పెట్టే మనిషి వాటికి కనపడొద్దు. దినానికి నాలుగైదు సార్లు మనిషి వంగి నీడ పడంగనే, చేతి వలతోని నీళ్లను గట్టిగ కొట్టాలె. నీడ అంటే దెబ్బ అని వాటికి ఎరుక కావాలె.

గోనెపట్టా కట్టిన. పైపు పెట్టిన. పట్టా వెనక కూసుండి తిండి వదిలితే నాకు నీళ్ల చప్పుడు వినపడేది గాని ఒక్క మూతి గూడ కనపడేది గాదు. నామం గూడ మనసులనే చదువుకున్న. కొట్టే పని మాత్రం నాతోని కాలే. వల ఎత్తుత, అవి మూతులు తెరుచుకొని చూస్తయి, వల దించుత. రెండు దినాలు అట్లనే పోయినయి. మూడో దినం పాలామెను బతిలాడిన.

"జర నువ్వు కొట్టవా? నీకు బర్రెలను అదిలించే అలవాటుంది."

"చేపలను కొట్టే నౌకరీ గూడ నాకేనా? ఇయ్యి వల," అని ఆమె కొంగు చెక్కుకొని ఒక్కటి వేసింది. నీళ్లు నా మొకం దాకా ఎగిరినయి. చేపలు అడుగుకు పోయి హౌజు మూలల్ల దాక్కున్నయి. రోజూ పాలు పోసి, నాలుగు దెబ్బలు వేసి పోయేది. వారం తిరిగేసరికి ఆమె వాకిట్ల అడుగు పెట్టంగనే హౌజు ఖాళీ అయినట్టు కనపడేది.

నాకు ప్రాణం లేచొచ్చింది. మేడంకు ఫోన్ చేసి పిలిచిన. ఆమె వచ్చి గట్టు కాడ వంగింది. చేపలు మాయం. "బాగుంది," అన్నది. తర్వాత నన్ను చూసి, "ఇప్పుడు మీరు రండమ్మా," అన్నది.

నేను పోయిన. వంగలేదు గూడ. గడప దిగిన అంతే. అన్నీ ఒక్కసారి పైకొచ్చినయి.

పాలామె పక్కనే ఉంది. "అరె, నేను గిన్ని దినాలు కొట్టింది ఏం పాయె! నన్ను సవతి తల్లిని చేసినవు గదనే ఒదినె," అన్నది. మేడం గూడ నవ్వింది. నేను నవ్వలేకపోయిన. అవి నేర్చుకున్నయి, కాని మనుషులంటే భయం గాదు. నేను తప్ప మిగిలినోళ్లంటే భయం. వాగు కాడ నా అసువంటి అడుగు చప్పుడుతోని ఆడమనిషి ఎవరన్న బట్టలు ఉతుక్కోను వచ్చినా పోయి ఆమె కాళ్ల కాడ నిలబడతయి.

"మీరే కొట్టాలమ్మా," అన్నది మేడం. చవితికి ఇంక పద్దెనిమిది దినాలుండె.

ఆమె పోయినంక నేను దేవుని ముందట మస్తు సేపు కూసున్న. దేవుడు ఏం చెప్తడు, దీపం చూసుకుంట నాకు నేనే చెప్పుకున్న. ఇవి నా తోడు కోసం వచ్చినయి గావు. తోడుగ ఉన్నన్ని దినాలు ఉన్నయి, అది ఆయన దయ. నా దగ్గరికి రావద్దని నేర్పుడే ఇప్పుడు నేను వాటికి పెట్టే తిండి.

లేసి వచ్చి, వల తీసుకొని, గట్టు మీద వంగిన. నా నీడ పడ్డది. అవి పైకొచ్చినయి, అన్నిటికంటె ముందల ఎప్పటి లెక్కనే ఆ తెల్ల మచ్చ పిల్ల. కొట్టిన. అవి పోలే. చెదిరి, మళ్ల వచ్చినయి, ఆట అనుకున్నట్టు. ఇంక గట్టిగ కొట్టిన. మళ్ల వచ్చినయి. ఆ దినం ఎన్ని సార్లు కొట్టిన్నో తెల్వదు. చెయ్యి భుజం దాకా గుంజింది. ఏడ్చుకుంటనే కొట్టిన.

పాలామె గోడ మీదికెల్లి చూసింది గాని ఒక్క పరాష్కం గూడ ఆడలే. పొద్దుగూకినంక ఒక గిలాసల వేడి పాలు గోడ మీద పెట్టి పోయింది.

అయిదో దినానికి కొన్ని రావడం మానినయి. పదో దినానికి పైకొచ్చేటియి రెండే. ఒక తెల్లారి నేను దీపం పెట్టి, గడప దిగి, హౌజు దాకా నడిచిన. నీళ్లు కదలలే. వంగి చూసిన. ఆకాశం, నా మొకం, అంతే. అడుగున మూలల్ల నల్లటి వీపులు ఒకదాన్నొకటి ఒత్తుకొని ఉన్నయి. అవి అప్పటికి వేలెడంత అయినయి, ఎరుపు పోయి వాగు మట్టి రంగుకు వచ్చినయి. మేడంకు ఫోన్ చేసిన. "పని అయింది మేడం," అన్న. ఫోన్ పెట్టేసిన. ఆ దినం ఇంట్ల చెయ్యను పనే దొరకలే. ఊడ్చిన వాకిలే మళ్ల ఊడ్చిన.

చవితికి రెండు దినాల ముందు ఆఫీసు జీపుల పోయినం. గాలి నింపిన ప్లాస్టిక్ సంచులల్ల నీళ్లు, నీళ్లల్ల చేపలు. గల్లీ గల్లీల చవితి మండపాలు కడుతున్నరు. కర్రలు, తాళ్లు, మైకులు. అవన్నీ దాటి, ఊరు దాటి, సీతాఫలం చెట్ల నడుమ మట్టి తొవ్వల వాగు కాడికి చేరినం. వాన నీళ్లు ఎర్రగ పారుతున్నయి. సంచులను ముందు వాగుల తేలనిచ్చినం, లోపలి నీళ్లు బయటి నీళ్లు ఒక్క తీరు చల్లగయ్యేదాక. ఆ తర్వాత మేడం సంచి మూతి విప్పి, "మీ చేత్తో వంచండమ్మా," అన్నది.

వంచిన. అన్నీ ఒక్క తీరుగ జారి, గడ్డి వేర్ల కిందికి పోయినయి. ఒక్కటన్న ఆగుతదేమోనని చూసిన, ఉన్న మాట చెప్తున్న. ఒక్కటి గూడ ఆగలే. అంత మంచిగ నేర్చుకున్నయి.

నేను నీళ్లల్ల మోకాళ్ల మట్టుకు అట్లనే నిలబడ్డ. నీళ్ల మీద ఒక్క సుడి గూడ లేదు. మేడం ఒడ్డు మీదికి పోయి పొద చాటుకు కూసున్నది. కొంత సేపటికి మెల్లగ పిలిచింది.

"అమ్మా, మీరు కూడా బయటికి వచ్చెయ్యండి."

"జరసేపు మేడం."

"మీ నీడ అక్కడ ఉన్నంతసేపు అవి పైకి రావమ్మా. గాలి పీల్చుకోవాలి కదా."

కిందికి చూసిన. పొద్దుటి ఎండకు నా నీడ వాగుకు అడ్డంగ అవతలి ఒడ్డు దాకా పడి ఉంది. దాని కింద అవన్నీ ఊపిరి పట్టుకొని ఉన్నయి, నేను ఎప్పుడు పోతనా అని.

నీళ్లు చప్పుడు కాకుంట ఒడ్డెక్కిన. మేడం పక్కన గూడ ఆగలే. ఇంక వెనక్కి, వాగు కండ్లకు కానరాని దాకా పోయి, తొవ్వ పక్కన రాయి మీద కూసున్న. నాకు అక్కడికెల్లి మేడం వీపు, సీతాఫలం కొమ్మలు, అంతే కనపడుతున్నయి. కొంగుతోని కాళ్లు తుడుచుకున్న. ఎంత సేపయిందో. మేడం వెనక్కి తిరగకుంటనే ఒక చెయ్యి మెల్లగ పైకెత్తి, వేళ్లు విప్పి, మూసి, మళ్ల విప్పింది. పైకి వస్తున్నయని.

కూసున్న కాడనే రెండు చేతులు జోడించిన. లేసి పోయి చూడాలని మస్తు అనిపించింది. లేవలే.