శౌరమ్మ గోడ

గుణదలలో పాలమ్ముకునే శౌరమ్మకి పొద్దున్నే చీరచెంగు బొడ్లో దోపి, గేదె పేడ ముద్దలు చేసి, ఇంటి వీధిగోడకి ఫట్‌మని చరిస్తేగానీ తెల్లారినట్టుండదు. ఆ పేటలో ఎప్పుడూ గెలిచేది ఒకే పార్టీ. గెలుపు ఖాయం కాబట్టి వాళ్ళు ఓటూ అడగరు, గోడా అడగరు. మొదట్లో కాడెద్దుల బొమ్మ వేసిపోయారు, తరవాత ఆవూ దూడా. రంగు ఆరకముందే శౌరమ్మ వాటి మీద పిడకలు కొట్టేసేది.

డెబ్బై ఎనిమిది ఎన్నికలకి వాళ్ళ గుర్తు చెయ్యి అయింది. వార్డు నాయకుడు బాలశౌరి రంగు డబ్బాతో వచ్చి పిడకలు పీకబోయాడు.

"ముట్టుకున్నావంటే చూడు!" అంది శౌరమ్మ.

"అదేంటి పిన్నీ, ఎలాగూ గెలిచేది మేమేగా?"

శౌరమ్మ పేడచేత్తోనే గోడంతా చూపించింది. ప్రతి పిడక మీదా ఆమె అయిదు వేళ్ళూ అచ్చుపడి ఉన్నాయి.

"గెలుచుకోండి పోండిరా. ఈ గోడమీద చెయ్యి మాత్రం నాదే!"