తమ్ముడు దాచమన్న పన్నెండు మాటలు

నాలుగేళ్ళయింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. పొయ్యి దగ్గర ఉన్నా, బడిలో పాఠం చెబుతున్నా అది లోపల కదులుతూనే ఉంటుంది. కాసేపు ఊరుకుంటుంది, మళ్ళీ మొదలవుతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు విప్పగలుగుతున్నాను.

నేను మా తమ్ముణ్ణి మోసం చేశాను. డబ్బు కాజేసి కాదు. అదైతే తిరిగి ఇచ్చేసేదాన్ని.

వాడు ఈ దీవుల్లోనే, సముద్రం ఒడ్డున వండూర్‌లో ఉంటాడు. జెట్టీ దగ్గర బోట్ల ఇంజన్లు బాగుచేస్తాడు. సునామీ వాడి ఇంటినీ, సర్టిఫికెట్లనీ పట్టుకుపోయింది. వాడెలా బతికి బయటపడ్డాడో వాడికే గుర్తులేదు. ఆ పూట మొత్తం బుర్రలోంచి చెరిగిపోయింది. తర్వాత చాలా ఏళ్ళు, తాళం వేశానా, అన్నం తిన్నానా అని ప్రతిదానికీ తడబడేవాడు. మెల్లగా కుదుటపడ్డాడు. తన బుర్రను తాను మళ్ళీ నమ్ముకోవడానికి వాడెంత అవస్థపడ్డాడో దగ్గరుండి చూసినదాన్ని నేను.

సునామీ తర్వాత మావాళ్ళకు ఒక అలవాటు వచ్చింది. తీరం పక్కన ఉండేవాళ్ళు విలువైన కాగితం ఏదీ ఇంట్లో ఉంచుకోరు. ఎత్తు మీద ఇల్లున్న చుట్టాల దగ్గర పెడతారు. డిగ్నాబాద్‌లో మా ఇల్లు ఎత్తు మీదే. అందరి కాగితాలూ నా బీరువాలోనే ఉండేవి. టీచరమ్మ దగ్గరుంటే లాకర్లో ఉన్నట్టే అనేవాళ్ళు. ఆ మాట వినడం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

తమ్ముడు ఫోన్‌లో కొంచెం కొంచెంగా క్రిప్టో అనే ఆన్‌లైన్ డబ్బు కొనుక్కుంటూ వచ్చాడు. ఎప్పటికైనా సముద్రానికి దూరంగా, మెట్ట మీద ఇంత జాగా కొనాలని వాడి ఆశ. పాస్‌వర్డ్ ఎవరూ ఊహించలేనిది పెట్టుకున్నాడు. ఫోన్ పోతే మాత్రం ఆ డబ్బుండే వాలెట్ మళ్ళీ తెరవడానికి పన్నెండు ఇంగ్లీషు మాటలు వరసగా కావాలట. ఫొటో తీయకూడదట, ఎవరికీ పంపకూడదట. కాగితం మీద రాసి, కవరు అంటించి నాకిచ్చాడు. రెండు చోట్ల ఉంచాలని వాడికి తెలుసు. కానీ తన ఇంట్లో పెట్టుకోవడానికి మనసొప్పలేదు. సముద్రం పక్కన ఇల్లు కదా.

ఇక్కడి చెమ్మకు కాగితాలు బూజు పడతాయి. వాడు కవరిచ్చిన ఏడు, వానలు కాస్త తెరిపిచ్చిన రోజున అన్నీ డాబా మీద ఎండబెట్టి, పక్కింట్లో మాటల్లో పడ్డాను. ఒక్క జల్లు కొట్టింది. మిగతావన్నీ అచ్చు కాగితాలు, ఆరితే సరిపోయాయి, తమ్ముడి కవర్లోదొక్కటే సిరా రాత. విప్పి చూస్తే నీలం మరకలు. ఒక్క మాటా చదవడానికి లేదు.

అప్పటికి వాడి ఫోన్ బాగానే ఉంది, ఆ మాటలు అందులో మళ్ళీ చూసుకోవచ్చు. ఇలా అయింది, మళ్ళీ రాసివ్వరా అంటే ఐదు నిమిషాల పని. ఎందుకు చెప్పలేదు? భయమా? వాడు నన్ను పల్లెత్తు మాట అనేవాడు కాదు. నలుగురికీ జాగ్రత్తలు చెప్పే నేను, నోటుబుక్కు తడిసిందని పిల్లల్ని నిలబెట్టే నేను, తప్పు నాదేనని నా నోటితో అనలేక, రేపు చెబుదాంలే, వచ్చినప్పుడు నవ్వుతూ చెబుదాంలే అనుకుంటూ ఆ కాగితాన్ని చింపి పారేశాను. తర్వాత వాడు రెండుసార్లు భద్రమేనా అని అడిగాడు. భద్రమే అన్నాను.

మరుసటేడు చాతం రేవులో ఫెర్రీ ఎక్కుతుంటే వాడి ఫోన్ నీళ్ళలో పడింది. వాడేం కంగారుపడలేదు. నవ్వుతూనే మా ఇంటికొచ్చాడు.

"అక్కా, ఆ కవరు ఓపాలి తీసియ్యి."

"అదేటిరా, మొన్న వానల ముందు నువ్వే పట్టుకెళ్ళిపోనావు కదా. మర్చిపోనావేటి?"

వాడు నా మొహంలోకి చూశాడు. నవ్వు మెల్లగా పోయింది.

"నేనా? సచ్ మే?" జేబులు తడుముకున్నాడు. "అయ్యుంటాది. నా దిమాక్ సంగతి నీకు తెల్సు కదా."

తెలుసు. తెలిసే అన్నాను.

నెలల తరబడి ఇల్లంతా వెతుక్కున్నాడు. పనిముట్ల పెట్టెలు, పెళ్ళాం చీరల మడతలు, అన్నీ. చివరికి జాగా మాట ఎత్తడం మానేశాడు. నన్ను తినేది అది కాదు. ఇప్పుడు ఇంజన్ బిగించాక పక్కవాణ్ణి పిలిచి, భయ్యా, ఓసారి చూడు అంటాడట. తాళం వేసి సగం దారిలోంచి వెనక్కి వెళ్తాడట. వాడు ఏళ్ళ తరబడి కూడగట్టుకున్నదాన్ని నేను ఒక్క అబద్ధంతో లాగేసుకున్నాను. ఎందుకోసం? నా జాగ్రత్తకు పేరు పోకూడదని.

పోయిన నెల ఇంటి కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నేనొక్కణ్ణే వచ్చి అడిగితే ఇయ్యకక్కా. నీ మరదలు కూడా ఉంటేనే ఇయ్యి. నా మీద నాకు భరోసా నేదు."

తీసుకుని బీరువాలో పెట్టాను. అప్పుడైనా చెప్పొచ్చు. టీ పెడతాను కూర్చో అన్నాను.

వాడు ఆ కవరు తీసుకెళ్ళలేదు. వాడేదీ మర్చిపోలేదు. తడిపింది నేను, చింపింది నేను, అబద్ధమాడింది నేను. ఇది వాడికి చెప్పాల్సిన మాట. మీకు చెబుతున్నాను. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. దానికి కూడా సిగ్గుగానే ఉంది.