ఓబులేసు నెత్తిన పెట్టిన తప్పులు

మంచి పిల్లవాడు హీరోగా ఉన్న కథ వింటే మహానందికి తిన్నది అరగదు. ఏ హీరో అయినా చిన్న తప్పు కూడా చేయకుండా రెండు పేజీలు నడిచాడంటే చాలు, ఆయన కళ్ళద్దాలు తీసి, పుస్తకం మూసి, పక్కవాళ్ళ వంక జాలిగా చూస్తాడు. ముప్పై ఏళ్ళు మంగంపేట ముగ్గురాయి గనుల్లో బండలు పేల్చే మేస్త్రీగా పనిచేసి, ఇప్పుడు కల్లూరులో కూతురింట్లో ఉంటున్నాడు. పేల్చడానికి బండలు లేక హీరోల మీద పడ్డాడు.

ఈ సంగతి ముందే తెలిస్తే నాగజ్యోతి ఆయన జోలికే పోయేది కాదు. కాలనీ సంఘం లైబ్రరీని ఆమె చూసుకుంటుంది. శనివారం సాయంత్రం పిల్లలకు కథల గంట ఆమే మొదలుపెట్టింది. మొదటి వారం నలుగురు వచ్చారు, అందులో ఇద్దరు ఫ్యాను కింద నిద్రపోయారు. ఆ గంటను ఎలాగైనా నిలబెట్టాలని ఆమె పంతం. అందుకే మంచి గొంతున్న మహానందిని బతిమాలి, గోడలోని తలుపు దాటి వేరే లోకానికి వెళ్ళే రాకుమారుడి పుస్తకం చేతిలో పెట్టింది.

ఆయన రెండు పేజీలు చదివి కళ్ళద్దాలు తీశాడు.

"ఏమ్మా, ఈ పిల్లోనికి ఒక్క చెడ్డ గుణమన్నా లేదా?"

"లేదు సార్. ఆదర్శ బాలుడు."

"పాపం. మరి ఆ వాకిలి ఎట్ల దాటినాడు? మంచోడైతే వాళ్ళమ్మ పోవద్దన్న తావుకు పోనే పోడు గదా. ఇంట్లో కూర్చోని చదువుకుంటాడు. ఇంక కథ యాడ మొదలైతాది?"

మహానంది పుస్తకం పక్కన పడేసి సొంత కథ ఎత్తుకున్నాడు. పన్నెండేళ్ళ ఓబులేసు, గని గుంత దగ్గరికి వెళ్ళొద్దంటే వెళ్ళి, అడుగునున్న ఇనుప తలుపు తీసి, నీళ్ళు ఆకాశంలోకి పారే లోకంలో పడ్డాడు. ఆ లోకాన్ని రాక్షసుల నుంచి కాపాడాల్సింది వాడేనట. రాజుగారు వాడి చేతికి మాయకత్తి ఇచ్చారు. ఓబులేసు సందు తిరగగానే దాన్ని పాత సామాన్లవాడికి అమ్మేసి, రెండు గ్లాసుల నన్నారి షర్బత్ తాగాడు.

నాగజ్యోతి నోరు తెరిచింది. మూయడం మర్చిపోయింది. మరుసటి శనివారం ముప్పై మంది పిల్లలు వచ్చారు.

"సార్, కనీసం ఆ కత్తి తిరిగి తెచ్చుకుంటాడా?"

"తెస్తాడమ్మా. తేకపోతే రాక్షసుడు ఎట్ల చస్తాడు? అయితే దొంగతనంగా తెస్తాడు."

ఆ వారం ఓబులేసు రాజుగారి పట్టుపరుపు మీద పక్క తడిపి, నేరం రాణిగారి పిల్లి మీదికి తోశాడు. పై వారం రాక్షసుణ్ణి చూసి, స్నేహితుణ్ణి వదిలేసి పరుగెత్తాడు. నాగజ్యోతికి ప్రతి శనివారం ముచ్చెమటలే. పిల్లలు మాత్రం గేటు దగ్గరే మహానందిని చుట్టుకునేవారు. వాడు గెలుస్తాడా అని ఒక్కరూ అడగలేదు. "తాతా, ఈ వారం ఏం తప్పు చేస్తాడు?" అనేవారు.

చివరికి కాలనీలోని వెంకటేశ్వరమ్మ తన మనవడు రంగనాథ్‌ను రెక్క పట్టుకుని లైబ్రరీకి తీసుకొచ్చింది.

"ఏమ్మా, వీడు పెద్దైతే ఓబులేసు మాదిరి అవుతానంటాండాడు. దొంగైతాడా, పక్క తడుపుతాడా? ఏదో ఒకటి తేల్చి చెప్పు!"

సంగతి సంఘం అధ్యక్షుడు శివశంకర్ దాకా వెళ్ళింది. ఆయన సిమెంటు వ్యాపారి, ఆరడుగుల మనిషి, నవ్వడం ఎవరూ చూడలేదు.

"ఈ శనివారం నేనే వచ్చి వింటా. ఆ ఓబులేసు బాగుపడినాడా, సరే. లేదంటే కథలకు తాళం."

నాగజ్యోతి మహానంది ఇంటికి పరుగెత్తింది. "సార్, మీకు దండం పెడతా. ఒక్క వారం వాణ్ణి మంచోణ్ణి చేయండి. లేకుంటే కథల గంట పోతాది."

"శానా కష్టమమ్మా. ఈ వారం తప్పు ఇప్పటికే ఒప్పుకున్నా."

"ఒప్పుకోవడమేంది సార్? ఎవరితో?"

ఆయన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు.

శనివారం శివశంకర్ ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఆయన కూతురు తనూజ చాప మీద పిల్లల మధ్య ఉంది. మహానంది మొదలుపెట్టాడు. ఓబులేసు దేవతల కోటకు చేరాడు. గుమ్మంలో కొండంత కాపలావాడు అడ్డం నిలబడి, మార్కుల కాగితం చూపించమన్నాడు. కాగితం కింద నాన్న సంతకం ఉంది. అది ఓబులేసు పెట్టిన దొంగ సంతకం.

శివశంకర్ దిగ్గున లేచాడు. "చాలించప్పా! పిల్లోళ్ళకు దొంగ సంతకాలు గూడా నేర్పుతాండావా? అమ్మా నాగజ్యోతీ, తాళం యాడుండాది?"

"నాన్నా, నాకెవరూ నేర్పలేదు."

తనూజ నిలబడింది. "మొన్న లెక్కల్లో తొమ్మిదే వచ్చినాయి. నీ సంతకం నేనే పెట్టుకున్నా. ఆ తప్పు ఓబులేసుది కాదు, నాది."

శివశంకర్ మహానంది వైపు తిరిగాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్. గనిలో పేలుడు మందు పెట్టే ముందు మేస్త్రీ అడగాల. ఎవరికి నిద్ర లేదు, ఎవరు తాగొచ్చినారు, ఎవరి చెయ్యి వణుకుతాండాది అని. అడిగితే ఎవడూ చెప్పడు. అందుకని నేనే ముందు చెప్పేవాణ్ణి, ఈ పొద్దు నా చెయ్యి వణుకుతాండాదప్పా అని. అప్పుడు ఒక్కొక్కడే నోరు విప్పేవాడు. వాణ్ణి దూరంగా కూర్చోబెట్టేవాణ్ణి. ముప్పై ఏండ్లలో నా కింద ఒక్క ప్రాణం గూడా పోలేదు. పిల్లోళ్ళూ అంతే సార్. కథకు ముందే వాళ్ళ తప్పు నా చెవిలో చెప్తారు. పేరు నేను మింగేస్తా, తప్పు ఓబులేసుగాని నెత్తిన పెడతా. వాడు దాన్ని మోసుకుంటానే గెలుస్తాడు."

నాగజ్యోతి చాప వైపు చూసింది. ఒక్కో తలా వంగుతోంది. పక్క తడిపిన వారం అందరికంటే గట్టిగా నవ్వింది ఎవరో ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజు వాడిది ఎంత హాయైన నవ్వో ఇప్పుడు అర్థమైంది. ఇన్ని వారాలుగా ఈ ముసలాయనను మనసులో తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

"నాకు చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు శివశంకర్.

"నీకు భయపడే గదా నాన్నా పెట్టింది."

ఆయన మెల్లగా కుర్చీలో కూలబడి ముఖం తుడుచుకున్నాడు. "మేస్త్రీ, ఆ కాపలావాడు ఓబులేసును లోపలికి పోనిచ్చినాడా, లేదా?"

"అది మీరే చెప్పాల సార్. కాపలావాడు సరిగ్గా మీ అంత ఎత్తుంటాడు."

పిల్లలంతా ఆయన వైపు తిరిగారు.

"పోనిచ్చినాడు" అన్నాడు శివశంకర్. "పక్కన కూర్చోబెట్టుకోని లెక్కలు గూడా చెప్పినాడు."

చాప మీద ఈలలు మోగాయి. తాళం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అందరూ వెళ్ళాక నాగజ్యోతి చాపలు చుడుతుంటే, శివశంకర్ మాత్రం చెప్పులు వెతుక్కుంటున్నట్టు గుమ్మంలో తచ్చాడాడు. చెప్పులు ఆయన కాళ్ళకే ఉన్నాయి. చివరికి వంగి మహానంది చెవిలో గొణిగాడు.

"మేస్త్రీ, ఓబులేసుకు బల్లులంటే భయమని పెడితే ఎట్లుంటాది? నాకు కాదులే. నాకు తెలిసినోడు ఒకడుండాడు."

మహానంది నవ్వలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని, శ్రద్ధగా అడిగాడు.

"ఎంత పెద్ద బల్లి సార్?"