గంజి కేంద్రానికి తెల్ల బొంతలు

నేను ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మనిషి రిటైరవుతుంది గానీ చేతి అలవాటు కాదు. ఇప్పటికీ ఎవరింటికి పోయినా ముందు మంచం మీది దుప్పటి చూస్తాను. ముడతలుంటే మాట్లాడుతూ మాట్లాడుతూనే సర్దేస్తాను. మా ఆయన దీన్ని జబ్బంటాడు, నేను శుభ్రత అంటాను. ఇప్పుడు చెప్పబోయే పొరపాటు ఈ శుభ్రత వల్ల వచ్చిందే.

ఆ ఏడు ఆగస్టులో తుంగభద్ర డ్యాము గేట్లు ఎత్తారు. సిరుగుప్ప తాలూకాలో ఏటి ఒడ్డు ఊళ్ళలోకి నీళ్ళొచ్చాయి. కెంచనగుడ్డ వైపు నుంచి కొన్ని కుటుంబాలను ట్రాక్టర్లలో తెచ్చి ఒక సర్కారు బడిలో పెట్టారని, అక్కడ గంజి కేంద్రం తెరిచారని మా తమ్ముడు చెప్పాడు. గంజి కేంద్రమంటే గంజి పోస్తారని కాదు. అన్నం, సాంబారు వండి పెడతారు. వరదకు ఇల్లు విడిచినవాళ్ళను ఉంచే చోటుకు మా కన్నడ సీమలో అదే పేరు.

"తినేకి పెడ్తాండారు గానీ కప్పుకునేకి ఏమీ లేదక్కా. ముసురు పట్టింది, పిల్లోళ్ళు వణుకుతాండారు" అన్నాడు.

మేముండే సత్యనారాయణపేటలో మా చర్చి స్త్రీల సమాజం బుధవారం బుధవారం కలుస్తుంది. ప్రార్థన అయ్యాక టీ తాగి, ఎవరి కోడలి మీద వాళ్ళు చెప్పుకుని ఇళ్ళకు పోతాం. ఆ బుధవారం మాత్రం బొంతలు కుడదామని నేను తీర్మానించాను. తీర్మానం నేనే చేసి, నేనే బలపరిచాను. రంగురంగుల పాత చీరలన్నీ కలిపి కుట్టే బొంత నాకు చిన్నప్పటి నుంచీ చూడబుద్ధి కాదు. ఏ మరక ఎక్కడుందో కనపడదు. తెల్లగుడ్డ అబద్ధం చెప్పదు. పైగా మా ఇళ్ళలో తెల్లచీరలకు కరువా? పెళ్ళికి తెల్లచీర, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారపు ఆదివారానికి తెల్లచీర. ఒక్కొక్కరి పెట్టెలో పదేసి ఉంటాయి.

"అన్నీ తెల్లవే తెండి. ఉడకబెట్టి, ఇస్త్రీ చేసి తెండి" అన్నాను.

మా మరదలు, అంటే తమ్ముడి భార్య, నోట్లో నాలుక లేని మనిషి. ఆదోని పక్క పల్లెటూళ్ళో పెరిగింది. ఆమె ఒక్కతే నసిగింది. "వదినా, పైకి రంగుచీర ఏస్తే బాగుంటాదేమో. ఊర్లల్లో వాళ్ళు..." అని ఆగింది.

"ఊర్లల్లో వాళ్ళకు శుభ్రత వద్దా ఏంది?" అన్నాను. ఆమె సూదిలో దారం ఎక్కించుకుని కూర్చుంది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని మా ఇంట్లో అందరికీ తెలుసు.

చర్చి హాల్లో బెంచీలు గోడకు జరిపి, నేల మీద చీరలు పొరలు పొరలుగా పరిచాం. అంచులు కదలకుండా రాళ్ళు పెట్టాం. ఒక్కో బొంతకు నలుగురు నాలుగు వైపుల నుంచి కుట్టుకుంటూ నడిమికి జరగాలి. మొదట మోకాళ్ళు, తర్వాత నడుము, చివరికి కళ్ళు పోయాయి. నాలుగు రోజుల్లో ఇరవై రెండు బొంతలు అయ్యాయి. ఒకదానిలో మా అమ్మ పెళ్ళిచీర ఉంది, దాన్ని పై పొరగా వేశాను. అన్నీ మడతపెట్టి వరుసగా పేర్చితే హాలు పాత ఆసుపత్రి వార్డులా మెరిసింది. నిజం చెప్తున్నాను, నాకు గర్వమేసింది.

సోమవారం మా తమ్ముడి వ్యానులో తీసుకుపోయి పంచాం. నేను ఆసుపత్రిలో సిస్టరుగా చేసినదాన్నని మా తమ్ముడు అందరికీ చెప్పాడు. అందరూ రెండు చేతులతో అందుకున్నారు, నమస్కారం పెట్టారు. ఒక ముసలాయన "దేవరు ఒళ్ళేదు మాడలి" అని, దేవుడు మేలు చెయ్యాలని కన్నడంలో దీవించాడు. మరునాడు జ్వరం మాత్రలు, పిల్లల టానిక్కు ఇద్దామని నేనూ మరదలూ మళ్ళీ పోయాం.

బడి వరండాలో అడుగుపెట్టగానే నా కళ్ళు బొంతల కోసం వెతికాయి. నాలుగో తరగతి గదిలో, నల్లబల్ల కింద ఉన్నాయి. చక్కగా మడతపెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఇరవై రెండూ ఉన్నాయి. పిల్లలేమో బియ్యం సంచుల మీద, తల్లుల కొంగుల కింద ముడుచుకుని పడుకున్నారు. నాకు కోపం నషాళానికి అంటింది. ఇంత కష్టపడి కుట్టి తెస్తే దాచిపెట్టుకుంటారా, ఎవరైనా ఆఫీసరు వస్తే చూపించడానికా అనుకున్నాను. పైకి కూడా అనేదాన్నే. అంతలో ఒక మూల నుంచి పసిబిడ్డ ఏడుపు వినపడింది.

ఏడుపు కూడా కాదు, పిల్లి కూనలా సన్నగా మూలుగు. ఆ చప్పుడు నాకు తెలుసు. ముప్పై నాలుగేళ్ళు విన్నాను. గట్టిగా ఏడ్చే బిడ్డతో భయం లేదు, ఇలా మూలిగే బిడ్డతోనే భయం. దగ్గరికి పోయి చూశాను. తొమ్మిది రోజుల ఆడపిల్ల. నెల తక్కువగా పుట్టిందట, రెండు కిలోలు కూడా ఉండదు. పలచని నైలాను చీర ముక్కలో చుట్టి ఉంది. పాదాలు పట్టుకుంటే చల్లగా తగిలాయి. తల్లికి ఇరవై ఏళ్ళుంటాయేమో, గోడకు ఆనుకుని బెదురుగా చూస్తోంది. పక్కన నాయనమ్మ. వీళ్ళ ఇంట్లోంచి బయటపడ్డ బట్టలు కాంపౌండు గోడ మీద వేలాడుతున్నాయి. ముసురులో అవి ఎప్పటికి ఆరాలి? కిటికీలకు రెక్కలు లేవు. ఏటి గాలి నేరుగా లోపలికి కొడుతోంది.

"నిన్న తాలూకా ఆసుపత్రి నర్సమ్మ వచ్చి చూసిపోయింది సిస్టరమ్మా. పాలు తాగుతాంది, ఎచ్చగా పెట్టమనింది" అంది నాయనమ్మ.

బిడ్డను విప్పి తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనేట్టు పడుకోబెట్టాను. ఇక పైన మందంగా కప్పాలి. నేను పోయి నల్లబల్ల కింద నుంచి ఒక బొంత లాగాను. చేతికి మా అమ్మ చీరదే వచ్చింది. తెచ్చి కప్పబోతే నాయనమ్మ నా మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యే గానీ నాట్లు వేసిన చెయ్యి, కదలనివ్వలేదు.

"అది వద్దమ్మా."

"ఎందుకు వద్దు? కడిగి, ఉడకబెట్టి తెచ్చినాము."

ఆమె బొంతను బిడ్డకు దూరంగా నెట్టింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది. "తెల్లగుడ్డ తెచ్చి మనిసి మీద కప్పేది ఎప్పుడో నీకి తెలీదా తల్లీ? నీవు ఆసుపత్రిలో చేసినదానివి గదా."

నా చేతులు అట్లాగే ఆగిపోయాయి. నాకు తెలీకపోవడమేంటి? ఎంతమంది ముఖాల మీదికి నేనే తెల్లదుప్పటి లాగాను. ప్రతిసారీ మూలలు సర్దాను కూడా. అదే తెలుపును ఇరవై రెండు బొంతలుగా కుట్టి, ప్రాణాలతో బయటపడ్డవాళ్ళ చేతుల్లో పెట్టి వచ్చాను. వాళ్ళు నన్ను నొప్పించలేక తీసుకున్నారు, దీవించారు కూడా. నేనేమో వాళ్ళ మీదే కోపం తెచ్చుకున్నాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. మరదలి మాట ఆ రోజే విని ఉంటే సరిపోయేది. ఆమె నా వెనకే నిలబడి ఉంది, కానీ నా ముఖంలోకి చూడలేదు. ఆ మంచితనానికి ఇంకా సిగ్గేసింది.

అయితే సిగ్గుపడితే బిడ్డ పాదాలు వేడెక్కవు. "మరి ఏం చేద్దామమ్మా? గాలి కొడ్తాంది, కప్పకపోతే అయ్యేది కాదు" అన్నాను.

నాయనమ్మ బొంత వైపు చూసింది, బిడ్డ వైపు చూసింది. "నాలుగు మూలలకీ పసుపు పెడ్తే అది కొత్తబట్ట అవుతాది. అప్పుడు కప్పొచ్చు. ఇచ్చేవాళ్ళే పెట్టి ఇయ్యల్ల" అంది. తర్వాత నా బోసి నుదురు చూసి సందేహంగా అడిగింది. "నీకి పెనిమిటి ఉండాడా?"

"ఉండాడు. ఇంట్లో టీవీ చూస్తాండాడు" అన్నాను.

"అయితే పెట్టు."

మా మరదలు అప్పటికే వంట జరుగుతున్న షెడ్డు వైపు నడిచింది. స్టీలు గిన్నెలో పసుపు తెచ్చి, నీళ్ళు కలిపి నా ముందు పెట్టింది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగినదాన్ని. ఏడేళ్ళప్పుడు పక్కింటి పిల్ల పండగని నా పాదాలకు పసుపు రాస్తే, మా నాన్న నన్ను నల్లా కింద నిలబెట్టి రాయితో రుద్ది కడిగాడు. ఇది మనది కాదమ్మా అన్నాడు. కొట్టలేదు, కానీ ఆ రాయి గరుకు ఇప్పటికీ గుర్తుంది. కూరలో తప్ప పసుపును నేనెక్కడా ముట్టుకోలేదు. గిన్నె ముందు కూర్చుని ఒక్క నిమిషం ఆలోచించాను. అబద్ధమెందుకు, ఒక్క నిమిషం కంటే ఎక్కువే. పసుపు క్రిమినాశిని, డాక్టర్లే చెప్తారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది వట్టి సాకని నాకూ తెలుసు. ఇంతలో బిడ్డ మళ్ళీ మూలిగింది.

వేలు ముంచాను. అమ్మ పెళ్ళిచీర మూల మీద పెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. దేవుడికి కోపం వస్తే తర్వాత మాట్లాడుకుందామనుకున్నాను. నాయనమ్మ బొంత అందుకుని కళ్ళకద్దుకుని, తన చేత్తోనే తల్లినీ బిడ్డనూ కలిపి కప్పింది. మెడ దగ్గర మూల వంకరగా మడిచింది. నేను సర్దలేదు.

తల ఎత్తి చూస్తే గుమ్మం దగ్గర ఆడవాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక తెల్లబొంత. ముందున్న ఆమె తన బొంత మూల నా వైపు చాపింది. నేను వేలు ముంచాను. ఒకదాని తర్వాత ఒకటి, మొదటిదానితో కలిపి ఎనభై ఎనిమిది మూలలకు పెట్టాను. ప్రతి మూలకూ నా గుండె మీద బరువు కొంచెం కొంచెంగా దిగింది. గిన్నె అయిపోతే మరదలు ఇంకో గిన్నె తెచ్చింది. వంటాయన వచ్చి గొణిగాడు.

"ఏందక్కా ఇది, సాంబారుకి ఏమన్నా మిగిలిస్తారా లేదా?"

ఆ మధ్యాహ్నం గంజి కేంద్రంలో సాంబారు పాలిపోయి ఉంది. అందరూ నవ్వుకుంటూ తిన్నారు. పిల్లలు బొంతలు కప్పుకుని విస్తళ్ళ ముందు కూర్చున్నారు, పసుపు మూలలకు సాంబారు మూలలు తోడయ్యాయి.

తిన్నాక మళ్ళీ ఆ మూలకు పోయి కూర్చున్నాను. బొంత కింద చెయ్యి పెట్టి బిడ్డ పాదం వెతుక్కున్నాను. వెచ్చగా ఉంది. రెండోది కూడా పట్టుకుని చూశాను. అది నా వేలిని తన్నింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆపుకోలేదు. ఇంతలో తల్లి ఉలిక్కిపడి కదిలింది. బొంత పైకెత్తి చూసి నాలుక కరుచుకుంది. మా అమ్మ పెళ్ళిచీర మీద అరచేతి వెడల్పున తడి.

"అయ్యో, పాడు చేసింది సిస్టరమ్మా" అంది భయంగా.

"ఉచ్చ పోసింది గదా, ఇంక అది దానిదే" అంది నాయనమ్మ.

మరదలు నా వైపు ఓరగా చూసింది. తెల్లగుడ్డ మీద మరకంటే నేనేం చేస్తానో ఆమెకు తెలుసు. నేను తడి వైపు పక్కకు తిప్పి, పొడి వైపు బిడ్డ మీదికి లాగి, లేచాను.