వైద్యుడి ఆహారం

మొన్న నర్సరీలో తడిమట్టి వాసనకు ఆగి, ఒక కుండీకి కట్టిన శాస్త్రీయ నామం చదవబోయి, ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఇంత వయసొచ్చినా ఆ పేర్లంటే నాకు భయమే.

మా బాపు కరీంనగర్‌లో వృక్షశాస్త్రం చెప్పేవాడు. ఎనభైల్లో, పండుగ సెలవులకు మెట్‌పల్లి దగ్గరి మా ఊరికి వచ్చినప్పుడు, బతుకమ్మ పువ్వు కోసం అక్కనూ నన్నూ చెలకల వెంట తిప్పుతూ, మంచుకు తడిసిన గునుగుతో సంచి నింపుతూ, ఒక్కో మొక్క పేరునూ పల్లికాయ ఒలిచినట్టు ఒలిచి చూపేవాడు. గునుగు సెలోషియా, అంటే గ్రీకులో కాలినది. తంగేడు పేరులోని ఆరిక్యులేటాకు లాటిన్‌లో చిన్న చెవులున్నదని అర్థం. అక్కకు అదంతా ఆట, నాకు వణుకు. ఆయువు దారాన్ని తెంపే గ్రీకు దేవత పేరు మీద అట్రోపా అనే మొక్క ఉందని విన్న నాటి నుంచి, అవ్వ సూదిలో దారం తెంపినా చెవులు మూసుకునేదాన్ని. చేని కంచెకున్న అడవాముదం ఒక్కటే నాకు ధైర్యం. దాని పేరు జట్రోఫా. ఒక ముక్కకు వైద్యుడు, ఇంకో ముక్కకు ఆహారం.

సద్దుల బతుకమ్మ నాడు రొట్టె, బెల్లం కలిపి కట్టిన మలీద ముద్దలు మితిమీరి తిన్న అక్కకు కడుపునొప్పి లేచింది. అవ్వ కాచే చేదు కషాయం తప్పించుకోవడానికి నన్ను వెంటేసుకుని కంచె దగ్గరికి పోయి, అడవాముదం గింజలు ఒలుచుకుని తిన్నది.

"డాక్టర్ తిండే గదనే, తియ్యగున్నయ్," అని నాకొకటి ఇచ్చింది.

అది నా నోటిదాకా రాకముందే ఆమె భళ్లున కక్కుకుంది. గొంతు మండుతోందంటూ గట్టు మీదే ఒరిగిపోయింది, చేతులు చల్లబడ్డాయి. అక్క చచ్చిపోతుందనుకున్నాను. నా ఏడుపుకు బాపు ఉరికొచ్చి, ఏం తిన్నదని నన్నడిగాడు.

"జట్రోఫా. డాక్టర్ తిండని నువ్వే చెప్పినవ్ గద బాపూ."

బాపు ముఖంలో నెత్తురు లేదు. "గది విషం బిడ్డా. ఎన్కట మందుకు వాడిన్రని గా పేరు వెట్టిన్రు," అంటూనే అక్కను భుజాన వేసుకున్నాడు.

మెట్‌పల్లి దవాఖానలో అక్కకు గ్లూకోజు ఎక్కుతున్నంతసేపూ ఆయన మంచంకోడు పట్టుకుని నేల మీదే కూర్చున్నాడు. బయట ఆడవాళ్ల బతుకమ్మ పాటలు వినపడుతున్నాయి. పాట ఆగితే అక్క ఊపిరి ఆగుతుందని నాకెందుకో అనిపించి, ఆగొద్దని మొక్కుతూ కూర్చున్నాను. మర్నాడు పొద్దున అక్క లేచి చాయ్ అడిగింది.

ఆ తర్వాత బాపు ఇంట్లో ఏ పేరూ విప్పి చెప్పలేదు. అక్క ఎంత బతిమాలినా "యాదికి లేదు బిడ్డా" అనేవాడు. ఇప్పుడు ఆ కంచె లేదు, గడ్డిమందులకు చెలకల్లో గునుగూ పోయింది, బాపూ పోయాడు. నిన్న అక్క ఫోన్‌లో అడిగింది, బాపు నిజంగానే అన్నీ మర్చిపోయిండా అని.

"అన్నీ యాదికుండె అక్కా," అన్నాను. "నీకు చెప్పనీకె భయపడ్డడు."