కుప్పంలో తొమ్మిదే

ఆ రోజుల్లో నాకు బాగా చేతనైన విద్య అలగడం. ఇప్పుడు అలిగినా పట్టించుకునేవాళ్ళు లేరు గనక మానేశాను గానీ, ఇరవై నాలుగేళ్ళ వయసులో సంగటి చల్లారిందని అలిగేవాణ్ణి, చొక్కాకి ఇస్త్రీ కాలేదని అలిగేవాణ్ణి, బాగుచేసిన మోటారు మళ్ళీ కాలిపోతే ఆ మోటారు మీద కూడా అలిగేవాణ్ణి. పుంగనూరులో మా మామకు బోరు మోటార్లు చుట్టే షాపు ఉండేది (ఇప్పటికీ ఉంది, నేనే చూసుకుంటున్నాను). పొద్దస్తమానం రాగితీగ చుట్టడం నా పని. ఆ తీగే నన్ను చెడగొట్టింది. మిగిలిన ముక్కలు పారేయబుద్ధి కాక మిద్దె మీద ఏరియల్ కట్టి, పాత రేడియోలో గరగరలు వినడం మొదలుపెట్టి, చివరికి పరీక్ష రాసి హ్యామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాను. తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్తాను. సొంత సెట్టు పెట్టుకుని, సర్కారు ఇచ్చిన గుర్తింపు పేరుతో, ఎక్కడెక్కడి వాళ్ళతోనో గాలిలో మాట్లాడటమే ఈ హ్యామ్ రేడియో. పైసా రాదు. ఫోనుండగా ఈ తీగలెందుకు, ఊరికే మాట్లాడుకోవచ్చు గదా అని మా అమ్మ అప్పుడూ అడిగింది, ఇప్పుడూ అడుగుతుంది.

రోజూ పొద్దున ఏడు గంటలకు మా ప్రాంతపు హ్యాములందరం ఒకచోట చేరేవాళ్ళం. ఒకచోటంటే గాలిలోనే, ఎవరింట్లో వాళ్ళం కూర్చుని. మా అందరికీ పెద్ద మదనపల్లె మండీ అన్న. టమోటా మండీలో ఏళ్ళ తరబడి వేలం పాడిన గొంతు ఆయనది. సెట్టు ఆపేసినా పుంగనూరుకు వినబడుతుందని మేం నవ్వుకునేవాళ్ళం. హాజరు కూడా వేలంపాటలాగే వేసేవాడు. పుంగనూరు ఒకటోసారి, పుంగనూరు రెండోసారి అని పిలిచి, మూడోసారికి పలక్కపోతే వదిలేసి ముందుకు పోయేవాడు. ఆ హాజరులో చివరి పేరు కుప్పం. అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లల కోసం పెట్టిన సెట్టు ఒకటుండేది, దాని మీద ఆఖరి సంవత్సరం చదివే ఒకమ్మాయి మాట్లాడేది. ఆమె మాట కోసమే నేను ఆరున్నరకే తల దువ్వుకుని కూర్చునేవాణ్ణి (రేడియోలో తల కనబడదని నాకు తెలుసు, మీరు చెప్పనక్కర్లేదు).

హ్యాముల ఆచారం ప్రకారం మగవాడెవరైనా ఓల్డ్ మ్యానే. గుడ్ మార్నింగ్ ఓల్డ్ మ్యాన్ అని ఆమె నన్ను పలకరిస్తే, మీసం ఇంకా సరిగా రాని నేను పొంగిపోయేవాణ్ణి. గాలిలో సొంత విషయాలు ఎక్కువగా మాట్లాడకూడదని నియమం. అందుకని మా మధ్య నడిచిన సరసమంతా సిగ్నలు ఎంత బాగా వినబడుతోందో చెప్పుకోవడమే. బ్రహ్మాండంగా వినబడితే ఐదు తొమ్మిది అనాలి. నేను మాత్రం బయట వానా ఉరుములూ వచ్చి ఆమె మాట సగం వినబడకపోయినా ఐదు తొమ్మిదే ఇచ్చేవాణ్ణి. ఒకరోజు ఆమె నాకు ఐదు ఏడు ఇచ్చింది. ఆ పూట షాపుకు పోకుండా మిద్దెక్కి ఏరియల్ విప్పి మళ్ళీ కట్టాను. ఫోన్ నంబరు అడగొచ్చు గదా అంటారేమో. అడిగితే ఆమెతో పాటు మండీ అన్నా, ఇంకో పదిహేనుమందీ వింటారు. మండీ అన్న విన్నాడంటే మదనపల్లె మార్కెట్టంతా విన్నట్టే. కాబట్టి అడగలేదు. ఆమె ముఖం కూడా చూడలేదు. గొంతొక్కటే తెలుసు, అదే చాలనుకున్నాను.

పార్కుల అవార్డు పిచ్చి మా వాళ్ళకు పట్టింది అప్పుడే. పార్కులకూ అడవులకూ ఒక పట్టిక ఉంటుంది. అందులో ఏదో ఒకచోటికి సెట్టూ బ్యాటరీ మోసుకుపోయి, అక్కడ కూర్చుని, ఒకే దినంలో పదిమందితో మాట్లాడితే ఆ పార్కు నీ ఖాతాలో పడుతుంది, సర్టిఫికెట్ వస్తుంది. తొమ్మిదిమందితో మాట్లాడినా ఒకటే, మాట్లాడకుండా ఇంటి దగ్గర పండుకున్నా ఒకటే. హార్స్‌లీ హిల్స్ ఆ పట్టికలో ఉంది. కుప్పం పక్కనున్న ఏనుగుల అడవీ ఉంది గానీ దాన్ని అంతవరకూ ఎవరూ చేయలేదు. ఒక బుధవారం పొద్దున హాజరులో కుప్పం వంతు వచ్చినప్పుడు ఆమె ఒక సంగతి చెప్పింది. చదువైపోయింది, పూనాలో ఉద్యోగం వచ్చింది, సోమవారం రైలెక్కుతోంది. సెట్టు కాలేజీది గనక ఆదివారం సాయంత్రం అప్పగించేయాలి. పోయేలోపల కుప్పం అడవిని ఒక్కసారి గాలిలో వినిపించి పోవాలని ఆమె ఆశ. అడవి చెక్‌పోస్టు దగ్గర కూర్చోవడానికి ఆదివారం పొద్దున ఏడు దాకా అనుమతి దొరికిందనీ, అందరూ పలకాలనీ అడిగింది. అదే ఆదివారం నేను హార్స్‌లీ హిల్స్ ఎక్కుతానని ముందే చెప్పి ఉన్నాను.

"పుంగనూరు, మీరు కొండమీద ఉంటారు గదా. మీరు తప్పకుండా రావాలండీ" అంది.

పదిహేనుమంది వింటుండగా అంది. ఆ వాక్యాన్ని ఆ రోజు నేను ఎన్ని మోటార్ల మధ్య ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. ఒక మోటారుకు చుట్లు తప్పి మామ చేత తిట్లు తిన్నాను. ఇంటికి పోయి ఆదివారం ముఖ్యమైన పనుందని చెబితే, మా అమ్మ ఏం పనని అడక్కుండానే పంచాంగం తీసింది. పొద్దున ఐదు కాకముందే మొదలుపెట్టుకో, పనైతాది అని తేల్చింది. అమ్మ మాట తీసేయకుండా, శనివారం మధ్యాహ్నమే టీవీఎస్ బండికి సెట్టూ బ్యాటరీ తీగచుట్టా కట్టుకుని కొండెక్కాను. పైన గెస్ట్ హౌస్‌లో తోటపని చేసే దూరపు చుట్టం గదిలో పండుకున్నాను.

ఆదివారం నాలుగుమ్ముక్కాలుకు నీలగిరి చెట్టు మీదికి రాయి కట్టిన తాడు విసిరి (నాలుగోసారికి తగులుకుంది, మూడోసారి నా వీపుకే తగిలింది) ఏరియల్ లేపాను. చలికి పళ్ళు టకటకమంటున్నాయి. అమ్మ పంచాంగం మహిమో ఏమో, పిలవగానే పలికేవాళ్ళు పలికారు. ఐదుంబావుకు తొమ్మిదిమంది అయ్యారు. పదోచోటు నేను ఎవరికీ ఇవ్వదలచుకోలేదు. రాత్రే నోటుబుక్కులో పది అంకె వేసి పక్కన ఎర్ర పెన్నుతో కుప్పం అని రాసిపెట్టుకున్నాను. అంతలో సెట్టు ముల్లు కాస్త పక్కకు తిప్పితే సన్నగా ఆమె గొంతు వినబడింది, సెట్టు సరిచూసుకుంటోంది. పిలిచాను. ఆమె విన్నది.

"పుంగనూరు, ఇప్పుడొద్దండీ. ఐదున్నర దాటనీండి, అప్పుడు రండి."

అంతే. ఐదు తొమ్మిది లేదు, గుడ్ మార్నింగ్ లేదు. నాకు చెవులు వేడెక్కాయి. తప్పకుండా రావాలని పిలిచిందెవరు, వస్తే ఇప్పుడొద్దన్నదెవరు? అరవై కిలోమీటర్లు బ్యాటరీ మోసుకొచ్చినవాణ్ణి, చలిలో కూర్చున్నవాణ్ణి, ఇంటి ముందు నిలబెట్టి తర్వాత రా అంటుందా? అదీ అందరూ వింటుండగా? ఇరవై నాలుగేళ్ళ అలక ఎట్లాంటిదో చెప్పాను గదా. ఆ సమయానికి హొసూరు నుంచి ఒక పెద్దాయన నన్ను పిలిచాడు. పదోచోటు ఆయనకిచ్చేశాను. ఎర్ర పెన్నుతో రాసిన కుప్పాన్ని నల్ల పెన్నుతో అడ్డంగా కొట్టేశాను. ఐదూ ఇరవైకి సెట్టు ఆపి, తీగ చుట్టుకుని, క్యాంటీన్ తెరిచేదాకా రాతిమీద కూర్చుని, తెరిచాక ఇడ్లీ తిని, ఎండ పడ్డాక ఆ రాతిమీదే ఒక కునుకు తీశాను. ఐదున్నరకు పిలుచుకోనీ, నేను దొరకను అనుకున్నప్పుడు ఎంత సుఖంగా ఉండిందో, నిజం చెప్పొద్దూ, ఆ సుఖం ఇప్పటికీ గుర్తుంది.

పది సాధించిన సంగతి చెప్పుకుందామని కొండ దిగి నేరుగా మదనపల్లె మండీకి పోయాను. మండీ అన్న టమోటా బాక్సుల మధ్య నిలబడి ఉన్నాడు. నన్ను చూసి శభాష్ అనలేదు.

"యాడికి పోయినావప్పా నువ్వు?" అన్నాడు.

నాది పది అయిపోయిందన్నా అన్నాను.

"నీది అయింటాదిలే. ఆ పాపది తొమ్మిది కాడ నిల్చిపోయినాది. ఏడు దాకా నీ పేరే పిలస్తా ఉండింది. నీకు ఫోన్ సేస్తే కలవలేదు, ఇంకో ఇద్దరు హ్యాములకి గూడా సేస్తి, ఎత్తలేదు. ఆడ ఏనుగులు దగ్గిరికొచ్చినాయని గార్డులు లేపి పంపించేసినారంట."

నన్ను ఇప్పుడొద్దని చెప్పింది ఆమే గదన్నా అన్నాను.

"నాకూ అదే సెప్పినాది. నేను కాసుకోని ఉండలేదా? మన గడియారంలో పొద్దన్నే ఐదున్నరైతేనే రేడియోలో తారీఖు మారేది. దానికి ముందర పలికితే నిన్నటి దినంలోకి పోతాది. పదీ ఒక దినంలోనే రావల్ల గదా. యాల అలిగితివిరా, అడిగుంటే సెప్పేది గదా ఆ పాప."

హ్యాములందరికీ లోకమంతటా ఒకటే గడియారం, అది మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక. పరీక్షలో ఆ ప్రశ్నకు నేను సరిగ్గానే జవాబు రాసి మార్కు తెచ్చుకున్నాను. కొండమీద మాత్రం నాకు తెలిసిన గడియారం అమ్మ పంచాంగమొక్కటే. నా పదీ ఐదున్నర లోపలే అయిపోయాయి గనక నాకేం నష్టం రాలేదు. ఆమెకు కావలసింది ఆ తర్వాత నేను పలికే ఒక్క పలుకు. ఆమె గంటన్నర పాటు నన్ను పిలుస్తుంటే నేను ఇడ్లీ తిన్నాను, పండుకున్నాను. మండీలో నిలబడి ఉండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టమోటా లారీ దుమ్మని అన్నతో అబద్ధం చెప్పాను. ఆయన నమ్మినట్టే తలూపాడు.

సాయంత్రం దాకా ఇంట్లో కూర్చుని పిలిచాను. కుప్పం పలకలేదు, సెట్టు అప్పగించేసినట్టుంది. సోమవారం పొద్దున నాకు జ్వరమని మామతో చెప్పి టీవీఎస్ మీద పలమనేరు మీదుగా కుప్పం స్టేషనుకు పోయాను. తప్పు ఒప్పుకుందామని పోయాను. పోయాక గాని తట్టలేదు, ఆమెను నేనెప్పుడూ చూడలేదని. ప్లాట్‌ఫారం మీద పెట్టెలతో నిలబడ్డ ఆడపిల్లలు పదిమందికి పైనే ఉన్నారు. ఎవరైనా మాట్లాడితే గొంతును బట్టి పోల్చుకుందామని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చెవులు రిక్కించుకుని తిరిగాను. అందరూ చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఒకమ్మాయి మాత్రం టీ అమ్మే అతనితో "చక్కెర తక్కువెయ్యన్నా" అంది. ఆమేనా? ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. నాకు తెలిసిన గొంతు గరగరల మధ్య నుంచి, వాన నుంచి, పల్చబడి వచ్చే గొంతు. గరగర లేకుండా అది ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. అడుగుదామని రెండడుగులు వేశాను, ఏమని అడగాలో తోచలేదు. రైలొచ్చింది, ఆ అమ్మాయి ఎక్కింది, మిగతా అమ్మాయిలూ ఎక్కారు. టీ అతను నన్ను అనుమానంగా చూసి, ఎవురి కోసరమప్పా అని అడిగాడు. ఎవరూ లేరని చెప్పి ఒక టీ తాగాను.

ఆ తర్వాత వారం రోజుల పాటు మండీ అన్న అలవాటుకొద్దీ హాజరు చివర కుప్పం ఒకటోసారి, రెండోసారి అని పిలిచి, మూడోసారి పిలవకుండా ఆగేవాడు. నా సర్టిఫికెట్ నెల తిరక్కుండా మెయిల్లో వచ్చింది. మామ దాన్ని రంగుల్లో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి షాపులో గోడకు తగిలించాడు. ఏం సదివినాడప్పా మీవోడు అని రైతులెవరైనా అడిగితే, ఏమీ సదవలేదు, కొండమీద కూర్చున్న్యాడంట, దానికిచ్చినారు అని ఉన్నదున్నట్టు చెప్పేవాడు.

ఇప్పుడు నా ఖాతాలో చాలా పార్కులున్నాయి. గోడమీద చోటు చాలక సర్టిఫికెట్లు బీరువాలో పెట్టాను. పెళ్ళయింది, ఇంట్లో అలిగే హక్కు చేతులు మారింది. అయినా ఏటా ఒక ఆదివారం తెల్లవారేసరికి కుప్పం అడవి చెక్‌పోస్టు దగ్గరికి సెట్టు మోసుకుపోతాను. ఐదున్నర కొట్టాకనే మొదలుపెడతాను. తొమ్మిది అయ్యేదాకా పిలిచినవాళ్ళందరికీ పలుకుతాను. అక్కడితో నోటుబుక్కు మూసేసి, ఏడు దాకా ఊరికే వింటూ కూర్చుంటాను. మండీ అన్న ఇదంతా ఎరిగినవాడే అయినా ప్రతి యేడూ పదోది నేనిస్తానని మదనపల్లె నుంచి గొంతు చించుకుంటాడు. బ్రహ్మాండంగా వినబడుతుంటాడు, నేను పలకను. ఈ యేడు తిరిగొచ్చేటప్పుడు మండీ దగ్గర ఆగితే పట్టుకున్నాడు.

"ఒక్క మాట పలికితే కుప్పం నీదైపోతాది గదప్పా, యాల వదిలిపెడతాండావు?"

"నాది కాదులే అన్నా, ఆ పాప మొదలుపెట్టిండేది" అన్నాను. ఆయన ఇంటికి తీసుకుపొమ్మని ఒక సంచి నిండా టమోటాలు కట్టించాడు.