మందుల జాబితాలో లేని మాత్ర

అమెరికాలో, న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్సు రెండో అంతస్తులో నళిని జాకెట్లు కుడుతుంది. బోర్డు లేదు. కుట్టు నేర్పిన వాళ్లూ లేరు. ఇరవై ఏళ్ల కిందట భర్త కిరణ్‌కుమార్ వెంట వచ్చినప్పుడు ఆమెది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. చీరాల నుంచి తెచ్చుకున్న తన జాకెట్టు ఒకటి కుట్లు విప్పి, ముక్కలు నేల మీద పరిచి, ఏది ఎందుకలా కత్తిరించారో చూసి నేర్చుకుంది. ఏడు పాడుచేశాక ఎనిమిదోది కుదిరింది. గ్రీన్ కార్డు వచ్చాక ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు నలభై నిమిషాల దూరంలోని ఎడిసన్ నుంచి కూడా వస్తారు.

పోయిన ఏడాది మార్చిలో కడుపులో మంట మొదలైంది. తిన్నా మంటే, తినకపోయినా మంటే. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు తలా ఒకటి చెప్పారు. పేగు లోపలి పొర పల్చబడి ఉంటుంది, గ్లూటమిన్ పొడి తాగమని ఒకావిడ. ప్రోబయాటిక్ క్యాప్సూల్ అని ఇంకొకావిడ. జింక్, కొల్లాజెన్ అని మరొకావిడ. నళిని అన్నీ తెప్పించింది. కొల్లాజెన్ పశువుల నుంచి తీస్తారని తెలిసి అది మాత్రం వెనక్కి పంపింది. మిగతావి పరగడుపునే మజ్జిగతో వేసుకునేది. జింక్ వేసుకున్న పావుగంటకు కడుపులో తిప్పేది. మందు పనిచేస్తోందనుకుని ఓర్చుకునేది.

జూన్‌లో డాక్టరు దగ్గరికీ వెళ్లింది. ఏమేం మందులు వాడుతున్నారో రాయమని కాగితం ఇచ్చారు. సీసాలు ముందు పెట్టుకుని ఒక్కొక్క పేరూ అక్షరం పోకుండా రాసింది. ఆయన రెండు వారాలకు ఆమ్లం తగ్గించే మాత్రలిచ్చి, తగ్గకపోతే మళ్లీ రమ్మన్నాడు. కాస్త నెమ్మదించింది. మాత్రలు అయిపోగానే మళ్లీ మొదలైంది. చేతిలో పనులు ఉన్నాయని ఆమె మళ్లీ వెళ్లలేదు.

ఆగస్టుకి మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. సూదిలో దారం ఎక్కించబోతే కళ్ల ముందు చీకటి కమ్మేది. శ్రావణ శుక్రవారానికి ఇవ్వాల్సిన పట్టు జాకెట్టు అంచు వంకరపోతే విప్పి కుట్టింది, మళ్లీ వంకరే పోయింది. అది చూసి కిరణ్‌కుమార్ మెల్లగా అన్నాడు.

“మిషన్ తీసేద్దాం నళినీ. నువ్వు కుట్టకపోతే పార్సిప్పనీలో ఎవరూ బట్టల్లేకుండా తిరగరు.”

ఆమె వంకరపోయిన అంచు మళ్లీ విప్పడం మొదలుపెట్టింది. దసరా దాకా చూస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే తానే ఎవరికైనా ఇచ్చేస్తానని అతను చెప్పేశాడు. అతను కోపంతో అన్న మాట కాదది. అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

ఆ వారమే పాత కస్టమరు రాధారాణిగారు జాకెట్టు తీసుకోవడానికి వచ్చారు. ఆవిడ భర్త ఆదిశేషుగారు పంతొమ్మిది వందల డెబ్భైల్లో ఈ దేశం వచ్చి, ముప్పై అయిదేళ్లు కడుపు జబ్బుల డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎప్పుడూ కింద కార్లోనే కూర్చునేవారు. ఆ రోజు ఎండకు పైకొచ్చారు. కిటికీ దగ్గర వరసగా ఉన్న సీసాల లేబుళ్లు చదవడం మొదలుపెట్టారు.

“మొదలెట్టారా? సీసా కనపడితే చాలు, రిటైరైన సంగతే మర్చిపోతారు” అన్నారు రాధారాణిగారు.

ఆయన సీసాల గురించి ఏమీ అడగలేదు. నళిని గుడ్డను మిషన్ మీద జరిపేటప్పుడు కుడి భుజం చెవిదాకా లేస్తోంది. అది చూశారు.

“ఆ భుజం నొప్పికి ఏం వేసుకుంటున్నావమ్మా?”

“ఏముందండీ, మన ఊరి బిళ్ళే. రోజుకి రెండు. అదేం మందు కాదు లెండి.”

“మందు కాకపోతే బొబ్బట్టా? ఏదీ, చూపించు.”

నళిని దారపు బాబిన్ల డబ్బా తెరిచి, అందులోంచి నొప్పి బిళ్ళల స్ట్రిప్పు తీసి ఇచ్చింది. ఇండియా నుంచి ఎవరొచ్చినా సూట్‌కేసులో ఒక పెట్టె తెస్తారు. మూడేళ్లుగా వాడుతోంది. శనివారం ఒక్కపొద్దు కాబట్టి ఆ రోజు ఉట్టి కాఫీతోనే వేసుకుంటుంది. డాక్టరు రాసిచ్చేది మందు, ఇంటి నుంచి వచ్చేది పచ్చడిలాంటిది అని ఆమె లెక్క. అందుకే ఆ కాగితంలో రాయాలని కూడా తోచలేదు.

“పొద్దున ఆ పొడులతో నువ్వు కడుపుకి కుట్టుకున్నదంతా మధ్యాహ్నానికి ఈ బిళ్ళ విప్పేస్తోందమ్మా. కడుపు లోపలి పొరను తినేసేది ఇదే” అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, విరేచనం నల్లగా అవుతోందా అని అడిగారు. నళిని రాధారాణిగారి వైపు చూసి, పదిరోజులుగా అవుతోందని తలూపింది. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

“మిషన్ ఆపేయ్. నలుపంటే లోపల రక్తం. స్ట్రిప్పు పట్టుకుని పద.”

వాళ్లే డ్రైవ్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆఫీస్ నుంచి కిరణ్‌కుమార్ వచ్చేసరికి రక్తం ఎక్కిస్తున్నారు. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయింది. నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూస్తే జీర్ణాశయంలో రెండు పుండ్లు, ఒకదాని నుంచి రక్తం కారుతోంది. ఆ రకం నొప్పి మాత్రలు ఇక ముట్టకూడదన్నారు. ఆమ్లం తగ్గించే మాత్ర రెండు నెలలు, ఐరన్ కొన్నాళ్లు రాశారు. పొడుల సంగతి అడిగితే, వాటితో పుండు మానుతుందని చెప్పలేమని, ప్రస్తుతానికి అన్నీ ఆపమని అన్నారు.

బిళ్ళ మానేసిన మూడో రోజుకే భుజం పట్టేసింది. దసరా వెళ్లింది. కిరణ్‌కుమార్ మిషన్ మాట ఎత్తలేదు, దాన్ని తీసుకుంటారా అని వాళ్లకీ వీళ్లకీ ఫోన్ చేయనూ లేదు. నళిని కుట్టకుండా మిషన్ ముందు ఊరికే కూర్చుని చూసుకుంది. టేబులు తనకు నాలుగు అంగుళాలు ఎత్తుగా ఉంది. ఇన్నేళ్లూ ఆ ఎత్తుకు భుజమే లేస్తూ వచ్చింది. కుర్చీ మీద చెక్కా, పెడల్ కింద చెక్కా వేయించింది. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన నాలుగు కసరత్తులు చేసింది. ముప్పావుగంట కుట్టాక లేవడం, పన్నెండున్నరకు అన్నం తినడం అలవాటు చేసుకుంది. ఒక్కపొద్దు మానలేదు. ఆ రోజు పాలూ అరటిపండూ తీసుకుంటుంది. నొప్పి పూర్తిగా పోలేదు. రోజుకు నాలుగు గంటలైతే చేయి మాట వింటుంది, ఆ పైన వినదు.

నవంబరులో మళ్లీ కెమెరా వేశారు. పుండ్లు మానాయి. హిమోగ్లోబిన్ పదకొండు దాటింది. కిరణ్‌కుమార్ రిపోర్టు కార్లో రెండుసార్లు చదివాడు. ఆ సాయంత్రమే ఒకావిడ ఫోన్ చేసి, పెళ్లికి పద్నాలుగు జాకెట్లు రెండు వారాల్లో కావాలంది. అతను ఫోన్ చేత్తో మూసి భార్య వైపు చూశాడు.

“ఆరు కుడతానని చెప్పండి. మిగతావి ఇంకెవరికైనా ఇచ్చుకోమనండి” అంది నళిని.

ఆవిడ కాస్త నొచ్చుకుంది. అయినా మర్నాడు ఆరు జాకెట్ల గుడ్డలూ తెచ్చి నళినికి ఇచ్చింది.